కార్తికంలో ఆహారశుద్ధి

ఆహారం శుద్ధమైతే మనసు శుద్ధమవుతుందని ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయం చెబుతుంది. ఆహారమంటే ఇంద్రియాలు గ్రహించే విషయజ్ఞానమన్నారు శంకరాచార్యులు. తినే అన్నమేనన్నారు రామానుజాచార్యులు. కార్తిక మాసపు తెలుగు వంటిల్లు రెండో అర్థాన్నే పట్టుకుని ఉల్లి, వెల్లుల్లి పక్కన పెడుతుంది. బజారులో ఉసిరికాయలు, మట్టి వదలని కంద, లేత బచ్చలి దొరుకుతాయి. కంద దురద పోవడానికి చింతపండు పులుసు పోసి, బచ్చలి కలిపి, చివర ఆవ పెడితే ఉల్లి లేని లోటే తెలియదు. నక్తం ఉన్నవారు చుక్క చూశాకే విస్తరి ముందు కూర్చుంటారు. పగలంతా కళ్లను, నాలుకను అదుపులో పెట్టుకోవడంలో శంకరుల అర్థమూ నెరవేరుతుంది. భగవద్గీత పదిహేడో అధ్యాయం మాత్రం ఉల్లి పేరెత్తదు. రుచి పోయి పాసినదాన్ని తామసమంటుంది. ఆ లెక్కన తాజాగా కోసిన బచ్చలిని వెంటనే వండుకోవడమూ వ్రతంలో భాగమే.