తారల తేజస్సు - మానవుల యోగ్యత

శీతకాలపు రాత్రులయందు దక్షిణాకాశమును జూచువారికి రెండు నక్షత్రములు ప్రముఖముగా గానవచ్చును. పైనున్నది లుబ్ధకము, దానికి దిగువను, దిక్చక్రమునకు సమీపమున నున్నది అగస్త్యము. రాత్రి కనబడు నక్షత్రములలో లుబ్ధకము మొదటిదనియు, అగస్త్యము రెండవదనియు కన్ను తీర్పు చెప్పును. ఈ తీర్పు అబద్ధము కాదు, అసంపూర్ణము. లుబ్ధకము మనకు సుమారు 8.6 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. అగస్త్యము సుమారు 310 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. దూరమును లెక్కలోనికి దెచ్చినచో లుబ్ధకము సూర్యునికంటె సుమారు 25 రెట్లును, అగస్త్యము పదివేల రెట్లకు పైగాను వెలుగు నిచ్చుచున్నవని తేలును.

ఈ గణనము యొక్క మూలసూత్రము సులభమైనది. కాంతి దూరము పోయినకొలది పలుచనగును. దూరము రెట్టింపైనచో వెలుగు నాల్గవవంతును, మూడు రెట్లైనచో తొమ్మిదవవంతును అగును. కావున మనకు చేరిన వెలుగును కొలిచి, దూరమును దెలిసికొన్నయెడల అసలు తేజస్సు తెలియును. భూమి సూర్యుని చుట్టు తిరుగుటచేత, ఆరునెలల యెడమున జూచినపుడు సమీపతార దూరతారల నడుమ కొంచెము కదలినట్లు కనబడును. ఆ కదలికనుండి దూరమును గణింతురు. 1838లో బెస్సెల్ అను జర్మను పండితుడు ఈ రీతిని ఒక తార దూరమును ప్రకటించెను. నడుమనున్న ధూళి మ్రింగిన వెలుగునకును సవరణ చేయుదురు. పిదప తారలన్నింటిని 10 పార్సెకుల, అనగా సుమారు 32.6 కాంతి సంవత్సరముల, దూరమున నిలిపినట్లు భావించి పోల్చుదురు. ఆ పంక్తిలో మన సూర్యుడు చీకటిరాత్రి మాత్రమే కనబడు మసకచుక్క యగును.

మనుష్యుల యోగ్యతను నిర్ణయించునపుడు మనమీ సవరణ చేయుచున్నామా? పుస్తకముల నడుమ పెరిగిన బాలుని తెలివిని మెచ్చుకొందుము. చదువు మాన్పించి వంటయింటికి పంపిన బాలికను మందమతి యందుము. ఒకరిని దీపమునకు దగ్గరగాను, మరియొకరిని దూరముగాను ఉంచినవారము మనమే. అట్లుంచి, కనబడిన భేదమును స్వభావమని పిలుచుచున్నాము.

హార్వర్డు వేధశాలలో గణనకై నియమింపబడిన స్త్రీలలో హెన్రియెట్టా లెవిట్ ఒకరు. ఛాయాపటములపై చుక్కలను కొలుచుట ఆమె పని. వేతనము గంటకు 30 సెంట్లు. మెజెల్లాను చిన్నమేఘమను తారాసమూహములో వెలుగు పెరుగుచు తరుగుచుండు 25 తారలను ఆమె పరిశీలించెను. అవన్నియు ఒకే సమూహములోనివగుటచే మనకు ఇంచుమించు సమదూరమున నున్నవి. కావున వాని వెలుగులలో కనబడిన భేదము నిజమైన భేదమే. మార్పునకు ఎక్కువ దినములు పట్టు తార ఎక్కువ తేజస్సు గలదని ఆమె కనుగొనెను. 1912లో వెలువడిన ఆ నివేదికను సిద్ధపరచినది ఆమెయని అందు చెప్పబడినను, దానిపై సంతకము వేధశాలాధిపతి పికరింగుది. ఈ నియమము ఆధారముగనే హబుల్, 1923లో తాను కనుగొన్న యొక తారను బట్టి, ఆండ్రోమెడా మన తారామండలమునకు వెలుపలిదని నిరూపించెను. సమదూర న్యాయముచే ఇంతటి సత్యమును వెలికి దీసిన ఆమెకు, తన జీవితమున ఆ న్యాయము లభింపలేదు.

"దూరమున నున్న తేజస్సు మనకేమి యుపయోగము? పంట పండించునది సమీపమున నున్న సూర్యుడే గదా" యని కొందరందురు. నిజమే. ఖగోళవేత్తయు కనబడు వెలుగును త్రోసివేయడు. రెండు సంఖ్యలను వేరువేరుగా వ్రాసికొనును. మనకు గలుగు ప్రయోజనము వేరు, వస్తువు యొక్క యోగ్యత వేరు. ఒకదానిని మరియొకటిగా భ్రమించుటయే దోషము.

సమదూరమున నిలిపినంతమాత్రమున తారలన్నియు సమానములు కావు. మనుష్యులును అంతే. సమత్వమును గోరువారు భేదములు లేవనుటలేదు; కొలుచుటకు ముందు దూరమును విచారింపుడని మాత్రమే కోరుచున్నారు. తారల దూరమును మనము తగ్గింపజాలము, లెక్కలో మాత్రమే సవరింపగలము. మనుష్యుల నడుమనున్న దూరము మనము కల్పించినది గనుక, దానిని లెక్కలోనే గాక కార్యముననే తగ్గించుట మనకు సాధ్యము. సాధ్యమైనది కర్తవ్యము కూడ నగును.