వ్యాధియందు కృతజ్ఞత

2024 డిసెంబరు 25వ తేది సాయంకాలమున, గుంటూరులో, మా పాఠశాలయందు గణితము బోధించు మిత్రుని యింటికి పోయితిని. 1842లో హేయరుగారు ఈ పట్టణమునకు వచ్చి నాటిన లూథరను సంఘములో ఆ కుటుంబమువారు కొన్ని తరములనుండి సభ్యులు. మిత్రుని మూత్రపిండములు రెండును చెడి అప్పటికి ఏడాదిన్నర. మంగళ, గురు, శనివారములందు నాలుగేసి గంటలసేపు ఆయన రక్తము యంత్రములోనికి పోయి శుద్ధియై మరల దేహమున ప్రవేశించును. అట్టి యింటిముంగిట ఎప్పటివలెనే కాగితపు నక్షత్రము వెలుగుచుండెను. ముందుగదిలో బంధువులు కూడి కృతజ్ఞతాప్రార్థన చేయుచుండిరి.

నేనొక మూల కూర్చుండి వినుచుంటిని గాని నా మనస్సు ప్రశ్నించుట మానలేదు. ఏమి లభించినదని ఈ కృతజ్ఞత? నేను పెరిగిన యింటి వాడుక వేఱు. జ్వరము నెమ్మదించినచో కొబ్బరికాయ, బిడ్డకు గండము గడచినచో తలనీలాలు: కోరిక ముందు, ఫలము పిమ్మట, చెల్లింపు కడపట. దీనిని బేరమని పరిహసించుట నాకు సమ్మతము కాదు. చిన్నతనమున నాకు టైఫాయిడు వచ్చి తగ్గినప్పుడు మా అమ్మ కాలినడకను కొండయెక్కి మ్రొక్కు తీర్చుకొన్నది. ఆ నడకలో బేరముకన్న ప్రేమయే యెక్కువ. అయినను రోగము తగ్గకున్నప్పుడు ఏమి చేయవలెనో మ్రొక్కుబడి చెప్పదు.

ప్రార్థన ముగిసిన పిదప సందేహమును దాచుకొనలేక అడిగితిని. ఆయన నవ్వి, "జబ్బుకు వందనాలు చెప్పలేదు మాస్టారూ, జబ్బులో చెప్పాను" అనెను. అన్ని స్థితులలోను కృతజ్ఞులై యుండవలెనని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసెను. ఎఫెసీయులకు వ్రాయుచు అన్నిటి నిమిత్తమును అనెను. "మొదటిది ప్రయత్నిస్తున్నాను. రెండోది నాకింకా చేతకాలేదు" అని ఆ గణితోపాధ్యాయుడు తన లెక్కను ఉన్నదున్నట్లు ఒప్పుకొనెను.

సంస్కృతమున చతుర్థికిని సప్తమికిని గల ఈ భేదము వ్యాకరణముతో తీరిపోవునది కాదు. వ్యాధిని వరమని పిలుచుట అసత్యము. అసత్యముతో చేసిన స్తుతి ముఖస్తుతియే. అచ్చటికి వచ్చిన పెద్దమనుష్యుడొకడు, "నీకంటె హీనస్థితిలో ఉన్నవారిని తలచుకొని సంతోషించు" మని రోగికి బోధించెను. ఇట్టి బోధ అన్ని మతములవారి యిండ్లలోను వినుచున్నాము. నేనును చేసియున్నాను, సిగ్గుతో చెప్పుచున్నాను. ఇతరుల యధికదుఃఖముపై నిలువబెట్టిన సంతోషమునకు కృతజ్ఞత యను పేరు తగదు. నొప్పితో నున్నవానిని స్తోత్రము చేయుమని నిర్బంధించుట వానిపై మఱియొక పన్ను వేయుట. రోగి విసుగుకొన్నచో విననిండు. విసుగునకును అతనికి హక్కు గలదు.

కృతజ్ఞుడనగా చేసినదానిని ఎఱిగినవాడు. ఈ పదములో సంతోషము లేదు, ప్రత్యుపకారము లేదు. ఎఱుక మాత్రము కలదు. దీనికి విరోధిపదమైన కృతఘ్నుడు చేసినదానిని చంపువాడు. కావున కృతజ్ఞత మనోభావమునకు ముందు ఒక విధమైన జ్ఞానము. జ్ఞానమైనచో అందు నిజమును పొరపాటును ఉండును; విచారణ చేయక అది లభింపదు. రాబోవు ఫలముతో దానికి పనిలేదు. రోగము తగ్గకపోయినను చేయబడినది చేయబడినదే.

అట్లయినచో నా మిత్రుని విషయమున చేయబడినదేమి? హాలండు దేశము జర్మనుల యాక్రమణలో నుండగా, 1943లో, కాంపెన్ పట్టణమున విలెం కోల్ఫ్ అను యువవైద్యుడు సెల్లోఫేను గొట్టమును కొయ్యపీపాకు చుట్టి రక్తమును కడుగు యంత్రమును కల్పించెను. ఆయన దానితో చికిత్స చేసిన మొదటి రోగులలో దాదాపు అందఱును మరణించిరి. 1945లో గాని ఒక వృద్ధస్త్రీ ఆ యంత్రమువలన బ్రదుకలేదు. గుంటూరులో నేడొకడు పండుగనాడు తన యింట కూర్చుండగలుగుటలో ఆ మరణించినవారి పాలు కూడ కలదు. వారిని ఏ ప్రార్థనలోను ఎవరును తలపరు.

అంతదూరము పోనేల? ఆ యింటి వంటగదిలోనికి చూడుడు. ఉప్పు తూచి వేయవలెను. త్రాగునీరు కొలిచి ఇయ్యవలెను. కూరగాయలలోని పొటాషియము తగ్గుటకై ముక్కలు కోసి, ఉడికించి, ఆ నీరు వార్చివేయవలెను. అరటిపండు కూడదు, కొబ్బరినీరు కూడదు. ఆనాటి కేకులో ఎండుద్రాక్షలు లేని ముక్క ఒకటి వేఱుగా కాల్చబడినది. ఏడాదిన్నరగా ఒకపూటయు తప్పక ఈ పని చేయుచున్నది ఆయన భార్య. దేవునికి, వైద్యులకు, సంఘమునకు, ధనసహాయము చేసిన తమ్ములకు పేరుపేరున వందనములు చెప్పబడినవి. ఆమె పేరు నాకు వినబడలేదు. ప్రార్థన జరుగుచున్నంతసేపు ఆమె లోపల అందఱికిని టీ కాచుచుండెను.

అంతేకాదు, తన మూత్రపిండమొకటి ఇచ్చుటకు ఆమె ఒప్పుకొన్నది, పరీక్షలు జరుగుచున్నవి. 1994 నాటి చట్టము భార్యను దగ్గఱి బంధువుగా నెన్ని ఈ దానమునకు అనుమతించినది. మన దేశమున బ్రదికియుండి అవయవమిచ్చువారిలో స్త్రీలును, పుచ్చుకొనువారిలో పురుషులును అధికసంఖ్యాకులు. దీనిని గూర్చి అడిగినచో "భార్యకు అది ధర్మమే గదా" యని సమాధానము వచ్చును. ఇచ్చటనే మన కృతఘ్నత దాగియున్నది. ఒకరు చేసిన పనికి ధర్మమని పేరు పెట్టినంతనే అది చేసినదిగా కనబడుట మానును. గాలివలె, నీరువలె సహజమై పోవును. గాలికి వందనము చేయువారెవరు? ధర్మమైనను చేయవలసివచ్చినది ఆమె చేతులతోనే. కోయబడునది ఆమె దేహమే.

వెడలునప్పుడు గుమ్మముదాక వచ్చిన మిత్రునితో, చనువుకొలది, ఈ మాట అంటిని. ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "దేవుడికి చెప్పడం అలవాటు మాస్టారూ. ఆమెకు చెప్పడం రాదు" అనెను.

నాకును రాదు. త్రోవపొడుగునను ఆ సంగతియే తలచుకొనుచు నడచితిని. వచ్చునప్పుడు కిటికీలోనుండి చూచితిని. మరునాడు గురువారము గనుక ఆమె ఆస్పత్రి సంచిలో దుప్పటి, కాగితములు, కొలతసీసా సర్దుచుండెను. ఆయన లోపలికి పోయి ఆమె ప్రక్కను నిలుచుండెను.