పొరుగింటి బిందె

ఎండలు ముదిరాయంటే మన అల్మాస్‌గూడలో మాటలన్నీ నీళ్ళ చుట్టూనే తిరుగుతాయి. ఒకప్పటి ఈ పల్లె తర్వాత బడంగ్‌పేట పురపాలికలో కలిసింది. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు ఇళ్ళయ్యాయి, ఇళ్ళతోపాటు బోర్లు పెరిగాయి. కింద ఉన్నది మాత్రం అదే గట్టిరాయి. ఆ రాతి పగుళ్ళలోనే నీరు నిలుస్తుంది. ఒకే పగులు నాలుగిళ్ళ కింది నుంచి పోవచ్చు. మనం బోరును మరింత లోతుకు దించితే పక్కింటి బోరు ఎండిపోవచ్చు. 2024 వేసవిలో హైదరాబాద్‌లో ఎన్నో బోర్లు ఎండిపోగా, జనం ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు.

అలాంటి రోజున పొరుగింటి ఆమె బిందెతో మన గుమ్మంలో నిలబడితే మనం ఏమంటాం? "మా బోరూ అంతంత మాత్రమేనమ్మా" అంటాం. అది నిజమైతే సరే. వెనక ట్యాంకు పొంగిపోతుంటేనో?

మిగులు నీటిని ఇతరులకు అందకుండా చేసినవాని గురించి దైవప్రవక్త (స) చేసిన హెచ్చరికను హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. బుఖారీలో ఉంది. ప్రళయదినాన అల్లాహ్ అతనికి తన అనుగ్రహాన్ని నిరాకరిస్తాడు. నీ చేతులు తయారుచేయని దాని మిగులును నువ్వు ఆపావు గనుక, అని కారణం కూడా చెబుతాడు. సోదరులారా, ఆ కారణం దగ్గర కాస్త ఆగండి. బోరు వేయించింది మనమే, మోటారు కొన్నది మనమే. కానీ రాతి పగుళ్ళలో నీటిని నింపింది ఎవరు?

సంపులోకి, డ్రముల్లోకి తోడుకున్న నీరు తోడుకున్నవారి సొత్తేనని ధర్మవేత్తలు చెప్పారు. కరెంటు బిల్లులో వాటా అడగటం తప్పని మేమూ అనటం లేదు. ఇంటి అవసరాలు తీరాక కూడా తలుపు వేసుకోవటమే తప్పు. మసీదులో ముందు వరుసలో నిలబడే మనలోనూ ఈ జబ్బు ఉందని ఒప్పుకుందాం. వుజూకు కుళాయి ధారగా వదిలేస్తాం. దైవప్రవక్త (స) ఒక ముద్దు నీటితో, అంటే లీటరు కన్నా తక్కువతో, వుజూ ముగించేవారు. అలా మిగిలే నీరే పక్కింటికి ఒక బిందె అవుతుంది.

బిందె తెచ్చినామె మన మతస్థురాలు కాకపోతే? హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట గొర్రెను కోసినప్పుడు, మన యూదు పొరుగువానికి పంపారా అని ఆయన ఇంటివారిని మళ్ళీ అడిగారు. జవాబు అక్కడే ఉంది. తనకు ఇద్దరు పొరుగువారున్నారని, కానుక ఎవరికి పంపాలని హజ్రత్ ఆయిషా (రజి) అడిగితే, దైవప్రవక్త (స) ఒక్కటే కొలత చెప్పారు: ఎవరి తలుపు నీ ఇంటికి దగ్గరగా ఉందో వారికి.