పటంలో ఉన్నది ఎవరు?

ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. తాటాకులూ, వాటి మీద ఘంటంతో గీసిన అక్షరాలూ అక్కడి ఆస్తి. తార్నాకకు వస్తే రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు ఫార్సీ కాగితాలు. ఇంకాస్త ముందుకు, ఉప్పల్ రోడ్డులో, మనుషుల డీఎన్‌ఏ చదివే సీసీఎంబీ. 'మా పెద్దలెవరు?' అని అడిగేవాళ్లకు ఆటోలో కాసేపు తిరిగితే మూడు చోట్లా మూడు రకాల జవాబులు దొరుకుతాయి. వాళ్ల ముత్తవ్వ మొహం మాత్రం ఈ మూడింటిలోనూ ఉండదు. ఉంటే గింటే ఇంట్లోనే, ట్రంకుపెట్టె అడుగున, పసుపెక్కిన ఫోటోలో ఉండాలి.

తీరా ఆ ఫోటో దొరికితే అందులో ఏడుగురుంటారు. ఎవరు ఎవరో చెప్పగలిగిన మనిషి పోయి నాలుగేళ్లవుతుంది.

ఈ ఇబ్బంది ఫోటోతో మొదలైంది కాదు. భాసుడి 'ప్రతిమా నాటకం'లో భరతుడు మేనమామ ఇంటి నుంచి అయోధ్యకు వస్తూ దారిలో ఒక మందిరంలో ఆగుతాడు. లోపల రాతి ప్రతిమలు. దేవుళ్లేమో అనుకుని దండం పెట్టబోతాడు. దిలీపుడు, రఘువు, అజుడు అంటూ అక్కడి కాపరి ఒక్కొక్కరి పేరూ చెబితేగానీ వాళ్లు తన వంశం వాళ్లేనని తెలియదు. నాలుగో ప్రతిమ దశరథుడిది. బతికున్నవాళ్లకు ప్రతిమలు నిలపరని కాపరి చెప్పాకే తండ్రి లేడన్న సంగతి కొడుక్కి అర్థమవుతుంది. కన్నతండ్రి రూపం ఎదురుగా ఉన్నా అసలు కబురు చెప్పింది రాయి కాదు, పక్కనున్న కాపరి.

పుణె జిల్లా నానేఘాట్ గుహలో కథ తిరగబడింది. శాతవాహనులు అక్కడ తమ కుటుంబ ప్రతిమలు చెక్కించి, పైన సిముకుడు, శాతకర్ణి, నాగనిక అంటూ పేర్లు రాయించారు. ప్రతిమలు శిథిలమైపోయాయి. పేర్లు మిగిలాయి. శాతవాహనుల చరిత్ర రాసినవాళ్లకు ఆ పేర్లే అక్కరకొచ్చాయి.

హైదరాబాదులో మొహాలను నిలబెట్టినవాడు రాజా దీన్ దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరు. 1892లో పరదా స్త్రీల కోసం ఇక్కడ ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఆయన గాజు నెగిటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. గాజు పలక చీర అంచునూ ముక్కుపుడకనూ పట్టుకోగలదు, పేరును పట్టుకోలేదు. పైగా అది కలిగినవాళ్ల సంగతి. అదే ఊళ్లో రాళ్లు కొట్టినవాళ్లనూ బట్టలు ఉతికినవాళ్లనూ కెమెరా ముందు కూర్చోబెట్టి పేరు అడిగినవాళ్లు ఎంతమంది?

అలాగని వాళ్లకు వంశచిత్రాలు లేవనుకుంటే పొరపాటు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీలు గీసే పటాలు అవే. ఖద్దరు గుడ్డకు గంజి, చింతగింజల జిగురు, సుద్దమట్టి పట్టించి, ఎర్రటి నేల మీద బొమ్మలు వరసగా దించుతారు. మూడడుగుల వెడల్పున పదుల అడుగుల పొడవు సాగే ఆ గుడ్డను కట్టెలకు వేలాడదీసి, ఒక్కో అర విప్పుతూ రాత్రుళ్లు కథ చెబుతారు. ఒక్కో కులానికి ఒక్కో కథ, చెప్పడానికి ఒక్కో ఆశ్రిత కులం. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయుడి కొడుకు భావనారుషి తామరతూడు దారంతో బట్ట నేసిన వైనం చెబుతారు. ఆయన కొడుకులు నూటొక్కమంది, వాళ్ల పేరనే నూటొక్క గోత్రాలు. చాకలివాళ్లది మడేలు పురాణం. దక్షయజ్ఞంలో నెత్తురైన దేవతల బట్టలు ఉతకడానికి పుట్టినవాడు మడేలయ్య. మాదిగల జాంబపురాణాన్ని డక్కలివాళ్లు విప్పుతారు. భూమి పుట్టడానికి ఆర్నెల్ల ముందే పుట్టినవాడు ఆది జాంబవుడు అంటారు. ఊరు ఎవరిని చివరికి నెట్టిందో వాళ్ల మూలపురుషుడే అందరికన్నా పాతవాడు! ఈ మాట పటం ముందు నిలబడి గొంతెత్తి చెప్పే డక్కలివాళ్లు మాత్రం మాదిగవాడకూ అవతలే గుడిసెలు వేసుకునేవారు. వంశం తెలిసినవాడికి వాడలో చోటు లేదు.

పటం చినిగిపోతే మూలన పడేయరు. మనిషికి చేసినట్టే దానికి కర్మ చేసి నీళ్లలో కలిపేస్తారు. కొత్త పటం గీయిస్తారు. బొమ్మ పోతుంది, కథ చెప్పే హక్కు తరువాతి తరానికి వెళుతుంది. అంటే ఆ పటంలో పవిత్రమైనది గుడ్డా, రంగా, కథా? జవాబు వాళ్ల ఆచారంలోనే ఉంది.

శ్రాద్ధ విధి అసలు బొమ్మ జోలికే పోదు. పేరు, గోత్రం, వరస చెబితే చాలు. తండ్రి వసు రూపం, తాత రుద్ర రూపం, ముత్తాత ఆదిత్య రూపం. తాతకు మీసం ఉందా లేదా అన్నది శాస్త్రానికి అక్కర్లేదు. సపిండీకరణంలో కొత్తగా పోయినవాడు పితృదేవతల్లో కలిస్తే, నాలుగో తరం వాడికి పిండంలో వాటా పోతుంది. మరిచిపోవడానికి కూడా శాస్త్రం ఒక వరస పెట్టిందన్నమాట. ఫోటో ఆ వరసను చెడగొట్టింది. పెత్తరమాస నాడు పెద్దల పేర బియ్యం ఇచ్చే తెలంగాణ ఇంట్లో, సంక్రాంతికి పటం ముందు కొత్త బట్టలు పెట్టే కోస్తా ఇంట్లో, ఆ నాలుగో తరం ఇంకా గోడ దిగలేదు. పేరు తెలియకపోయినా దండ పడుతూనే ఉంది. ఆ దండ ఎవరికి చెందుతుంది? పితృదేవతగా మారిన ముత్తాతకా, ఫలానా రోజున స్టూడియోలో బిగుసుకుని కూర్చున్న మనిషికా?

రక్తానికే చెందుతుంది అనేవాళ్లు సీసీఎంబీ మాట వినాలి. అక్కడి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 25 సమూహాలకు చెందిన 132 మందిని పరీక్షించి 2009లో 'నేచర్' పత్రికలో రాశారు. దాదాపు అన్ని సమూహాలూ రెండు పాత జనాల కలయికే, పాళ్లే వేరు. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్య సాగిందనీ, తరవాత కులంలోనే పెళ్లిళ్లు బిగుసుకున్నాయనీ 2013లో మరో పరిశోధన తేల్చింది. ఎవరి మూలపురుషుడూ ఒక్కడు కాదు. లెక్క కూడా అదే చెబుతుంది: పది తరాలు వెనక్కి వెళితే 1,024 స్థానాలుంటాయి. వంశవృక్షంలో మనం గీసేది అందులో ఒక్క మగ గీత.

డీఎన్‌ఏ ఎవరి పేరూ చెప్పదు, పటం ఎవరి రక్తాన్నీ పరీక్షించదు. ఈ రెంటినీ పోటీకి దించి ఒకదాన్ని అబద్ధమనడం తెలివితక్కువ పని. పెద్దలు అనేది పోలికతోనో రక్తంతోనో తేలే విషయమైతే తర్పణంలో చివర బట్ట పిండి, పిల్లల్లేకుండా పోయినవాళ్లకు నీళ్లు వదిలే ఏర్పాటు అవసరమే ఉండేది కాదు. పిలిచేవాడు ఉన్నంతవరకే పితృదేవత. అందుకే గోడ మీది పటం కన్నా దాని పక్కన నిలబడి వరస చెప్పగలిగిన అవ్వ ఎక్కువ.

వచ్చే పెత్తరమాసకో సంక్రాంతికో ఫోటోలు దించి తుడిచేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. మెత్తటి పెన్సిలుతో, ఒత్తకుండా, వెనకవైపు పేర్లు రాయండి. బాల్‌పెన్ను వద్దు, గీత ముందుకు పొడుచుకొస్తుంది. 'ఫలానావారి భార్య' అని వదిలేయకుండా ఆడవాళ్ల సొంత పేరూ పుట్టినూరూ రాయండి. చివరన సగం కనిపిస్తున్న జీతగాడి పేరు కూడా అడగండి. ఎవరో తేలకపోతే 'తెలియదు' అని రాయండి, ఊహించి రాయకండి.