పక్కన కూర్చున్నవాడి పాట

బ్యాండులో గిటారు వాయించే మనిషి తన పేరు మీద విడిగా ఒక ఆల్బమ్ తెచ్చాడంటే, మనవాళ్ళకి ముందు పుట్టే అనుమానం పాట గురించి కాదు. "లోపల ఏదో చెడినట్టుందే" అంటారు. ఉమ్మడి కుటుంబాలు చూసిన బుర్రలు కదా, వేరు పొయ్యి రాజుకుందంటే గొడవ జరిగే ఉంటుందని తీర్పు చెప్పేస్తాం. ఆ మనిషికి రెండు పొయ్యిలూ కావాలేమోనన్న ఆలోచనే రాదు.

పెదవేగిలో ఉండే నాలాంటివాడికి నిజానికి ఆ అనుమానం తక్కువ ఉండాలి. మా ఊరి దిబ్బల కింద ఉన్నది వేంగి. ఏడో శతాబ్దంలో రెండో పులకేశి తన తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుణ్ణి ఈ ప్రాంతానికి పాలకుడిగా పంపాడు. తమ్ముడు ఇక్కడే సొంత రాజ్యం నిలబెట్టుకున్నాడు. చాళుక్యుల పేరు మాత్రం వదల్లేదు, వరాహ లాంఛనమూ వదల్లేదు. బాదామిలో అన్నగారి వంశం ఎనిమిదో శతాబ్దం మధ్యలో ఆగిపోయింది. ఇక్కడి శాఖ, రాజధాని రాజమహేంద్రవరానికి మారినా, పదకొండో శతాబ్దం దాకా సాగి నన్నయ చేత భారతం మొదలుపెట్టించింది. సోలో ప్రయత్నాల్లో ఇంత కాలం ఆడినది ఇంకోటి నాకు గుర్తు రావడం లేదు.

సంగీతంలో అయితే అందరూ చెప్పే పేరు బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్. ఆ బ్యాండుకి పాటలు కట్టే పెద్దలు ఇద్దరు, లెనన్, మెకార్ట్నీ. ఒక ఆల్బమ్‌లో హారిసన్‌కి దక్కేవి ఒకటో రెండో పాటలు, బాగా దయ తలిస్తే మూడు. 1968లో రెండు రికార్డుల ఆల్బమ్ వచ్చింది కాబట్టి నాలుగు దక్కాయి. ఆ ఏడాది జనవరిలోనే అతను బొంబాయి వచ్చి, హెచ్.ఎం.వి. స్టూడియోలో మన వాద్యకారుల చేత వాయింపించుకుని వెళ్ళాడు. అది 'వండర్‌వాల్ మ్యూజిక్' అనే ఆల్బమ్‌లో చేరింది. బ్యాండు అప్పటికి బతికే ఉంది. 1970లో అది విడిపోయాక ఏకంగా మూడు రికార్డుల పెట్టె తెచ్చాడు, 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' అని. వంతు రాక మూల పడి ఉన్న పాటలు చాలానే అందులోకి వచ్చాయి. ఇంకో తమాషా ఉంది. దాన్ని సోలో ఆల్బమ్ అంటారు గానీ వాయించినవాళ్ళు బీటిల్స్ నలుగురికంటే చాలా ఎక్కువమంది. బీటిల్స్ డ్రమ్మర్ రింగో కూడా వచ్చి వాయించాడు.

రోలింగ్ స్టోన్స్ కథ ఇంకాస్త సరదాగా ఉంటుంది. 1985లో ఆ బ్యాండు గాయకుడు మిక్ జాగర్ సొంత ఆల్బమ్ చేస్తే గిటారిస్టు కీత్ రిచర్డ్స్ బాహాటంగానే మండిపడ్డాడు. 1988లో తనూ ఒకటి చేశాడు. 1989లో ఇద్దరూ కలిసి మళ్ళీ బ్యాండు ఆల్బమ్ తెచ్చారు. ఆ కోపాలన్నీ ఎటు పోయాయో వాళ్ళకే తెలియాలి.

ఈ కథల్లో అహంకారం కంటే నాకు ఎక్కువగా కనిపించేది వంతు. బ్యాండులో ఎవరి వంతు ఎంతో ముందే రాసిపెట్టి ఉండదు. గట్టిగా అడిగినవాడిదే వంతు. అడగలేనివాడికి పాటలు ఇంట్లో పేరుకుంటాయి, ఒకరోజు బయట తలుపు వెతుక్కుంటాయి.

మన కచేరీ ఈ విషయంలో తెలివైన ఏర్పాటు చేసుకుంది. ఏలూరు పక్కన సోమవరప్పాడు, మా ఊరికీ ఎంతో దూరం కాదు. 1926లో అక్కడ పుట్టిన అన్నవరపు రామస్వామి గారు విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. బాలమురళీకృష్ణకి సహాధ్యాయి. 1948లో విజయవాడ ఆకాశవాణిలో చేరి 1986 దాకా అక్కడే పనిచేశారు. ఎందరో పెద్దల పక్కన వాయించారు, సొంత కచేరీలూ చేశారు, కొత్త రాగాలూ తాళాలూ కల్పించారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన సోలో చేసిన రోజున, పక్కన వాయించిన గాయకులతో ఏదో చెడి ఉంటుందని ఎవరూ అనుకోలేదు. అనుకునే అవకాశమే లేదు, ఎందుకంటే మన కచేరీ లోపలే సోలో కొంత ఉంది.

వయొలిన్ వాయించే మనిషిని ఒకసారి దగ్గరగా చూడండి. గాయకుడు ఆలాపన ఎత్తుకుంటాడు. ఇతను అర క్షణం వెనకే ఉంటాడు, కానీ వెనకబడ్డట్టు వినిపించదు. కమాను తీగ మీదే ఉంటుంది, ఒత్తిడి ఉండదు. గాయకుడు ఊపిరి కోసం ఆగినచోట ఆ చివరి స్వరాన్ని అందుకుని కింద పడకుండా పట్టుకుంటాడు. గొంతు మళ్ళీ లేవగానే తను తగ్గిపోతాడు. కళ్ళు గాయకుడి ముఖం మీద కూడా ఉండవు, ఎక్కడో గచ్చు మీద ఉంటాయి. ఏ పాట రాబోతోందో చాలాసార్లు ఇతనికి ముందు తెలియదు, కచేరీకి రిహార్సల్ అనేది మనకి అలవాటు లేదు కదా. గాయకుడి ఆలాపన అయ్యాక ఇతని వంతు. అదే రాగం, కాస్త తక్కువ సమయం, కానీ ఆ సేపూ వేదిక మొత్తం ఇతనిదే. స్వరకల్పనలో వంతులు మరీ దగ్గరవుతాయి. ఆవర్తనానికి ఆవర్తనం, అరకి అర, పావుకి పావు, చివరికి ఇద్దరి చేతుల్లోనూ నాలుగు స్వరాలే మిగులుతాయి.

అయితే ఈ ఏర్పాటుని మరీ మోసెయ్యనక్కర్లేదు. మృదంగం వంతు వచ్చి తని ఆవర్తనం మొదలవగానే సభలో సగం మంది కాఫీకి లేస్తారు. వంతు శాస్త్రం ఇచ్చింది, శ్రోత ఇవ్వలేదు. పైగా వంతులో ఒకటి మాత్రం ఎప్పుడూ దొరకదు. ఏ రాగం, ఏ కీర్తన, ఎంతసేపు, ఎక్కడ ఆపాలి, ఇవన్నీ మధ్యలో కూర్చున్నవాడివే. పక్కవాడు తోడి రాగం ఎంత అద్భుతంగానైనా వాయించవచ్చు. ఇవాళ తోడి వద్దు, మోహన వాయిద్దాం అనడానికి లేదు.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాటిన గీత అదే అనుకుంటాను. విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెబుతూ, మహా గాయకుల పక్కన కూర్చుంటూనే, ఆయన వయొలిన్‌ని నడిమధ్యన కూర్చోబెట్టారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి ఇచ్చింది. పక్కవాద్యం మానేసి సోలోకి వెళ్ళడం కాదది. ఎంపిక చేసే పని కూడా నెత్తిన వేసుకోవడం. హారిసన్ ఆల్బమ్‌లో అంతమంది వాయించినా అది సోలో అయింది కూడా ఇందుకే. ఏ పాట ఉండాలో, ఏది ఆగాలో అతను చెప్పాడు. ఒంటరిగా ఉండటానికీ సోలోకీ పెద్ద చుట్టరికం లేదని నాకు అనిపిస్తుంది.

మా వైపు ఒక కుర్రాడున్నాడు. పగలు పామాయిల్ గెలలు తూచే చోట లెక్కలు రాస్తాడు, సీజన్‌లో ఆర్కెస్ట్రాలో లీడ్ గిటారు. వినాయకుడి పందిళ్ళు, శ్రీరామనవమి, అటు దెందులూరు నుంచి ఇటు తాడేపల్లిగూడెం దాకా తిరుగుతారు. వాడి పని ఎంత కష్టమో నాకు వాడి మాటల్లోనే తెలిసింది.

"సింగర్ ఏ శ్రుతిలో ఎత్తుకుంటే అందులోకి దూకెయ్యాలండి మాస్టారూ. కేపో మార్చుకునే టైమ్ కూడా ఇవ్వరు. పాట అయ్యాక జనం వచ్చి సింగర్ నంబరే అడుగుతారు."

"మరి నీకంటూ ఏమైనా కట్టుకున్నావా?"

"మొదలెట్టానండి. ఇంటిదగ్గర కూర్చుంటే ఏం వాయించాలో తోచదు. ఎవరూ పాడట్లేదు కదండీ."

నవ్వుతూ అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. ఫోన్‌లో రికార్డు చేసుకున్నది వినిపించాడు. మొదటి రెండుసార్లు విన్నప్పుడు ఏదో లోటుగా అనిపించింది గానీ ఏమిటో పట్టుకోలేకపోయాను. తర్వాత అర్థమైంది. సినిమా పాటలో పల్లవి ఒక లైను పాడాక గిటారు ఒక చిన్న బిట్ వేస్తుంది చూడండి, వాడి ట్యూన్‌లో ఆ బిట్లన్నీ ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి ఉన్నాయి. లైను ఉండాల్సిన చోట మాత్రం రెండు తీగలు మెల్లగా మోగుతూ ఖాళీ. పాడేవాడికి దారి వదిలే అలవాటు ఎంత లోతుకి వెళ్ళిందంటే, పాడేవాడు లేకపోయినా వాడి వేళ్ళు జరిగి కూర్చుంటున్నాయి.

ఇది లోపమని నేను అనలేదు. ఇప్పటికీ అనుకోవడం లేదు. నాకైతే ఆ ఖాళీలే ఆ ట్యూన్‌లో బాగున్న భాగం. బ్యాండులో పదేళ్ళు వాయించినవాడు సోలోకి వచ్చినప్పుడు చేతులు ఊపుకుంటూ రాడు. లేని మనుషులందర్నీ వెంట తెచ్చుకుంటాడు. హైదరాబాద్ చౌరస్తా బ్యాండులో పాడి పేరు తెచ్చుకున్న రామ్ మిరియాల తర్వాత సినిమాల్లో తన పేరుతో నిలబడ్డాడు. అతని గొంతు వింటే ఇప్పటికీ నాకు వెనకాల నలుగురు వాయిస్తున్న వీధి గుర్తొస్తుంది. అది నా చెవి చేసే పనీ కావచ్చు.

ఇదంతా బ్యాండు నుంచి సోలోకి నడిచే దారి. ఎదురు దిశలో నడిచినవాడు కూడా మా గోదావరి వైపే ఉన్నాడు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మాండొలిన్ శ్రీనివాస్. తండ్రి క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ని పిల్లవాడు ఆరేళ్ళ వయసులో పట్టుకున్నాడు. నేర్పడానికి దొరికిన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, మాండొలిన్ వాయించడం ఆయనకి రాదు. అందుకని ఆయన పాడేవారు, పిల్లవాడు వాయించేవాడు. అంతే పాఠం. 1978లో, కొల్లేటికి అవతల గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ.

అప్పట్నుంచి అతను మధ్యలోనే కూర్చున్నాడు. పక్కన కూర్చునే రోజులు అతనికి లేవు. పైగా మాండొలిన్‌లో కర్ణాటక సంగీతానికి ముందు దారి వేసినవాడంటూ లేడు, చూసి నేర్చుకోవడానికి ఒక చెయ్యి లేదు. అసలు వాద్యమే ఒప్పుకోలేదు. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, జతలు జతలుగా. గమకం కోసం తీగని పక్కకి లాగితే జతలో రెండూ ఒకేలా కదలవు, స్వరం చీలిపోతుంది. మీటిన నాదం కూడా గమకం పూర్తయ్యేలోపే ఆరిపోతుంది. అతను జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, ఐదో తీగ చేర్చుకున్నాడు, ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చి నాదాన్ని నిలబెట్టుకున్నాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఇంకా మీసాలు రాని పిల్లవాడు. 1998లో పద్మశ్రీ.

ఇంత ఒంటరిగా ఎదిగినవాడు బ్యాండులో చేరాడు. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో మహావిష్ణు ఆర్కెస్ట్రాతో రాక్‌నీ జాజ్‌నీ కలిపి ఊపేసినవాడు, ఆ తర్వాత శక్తి అనే బృందంతో మన సంగీతం వైపు వచ్చినవాడు. శతాబ్దం చివర్లో 'రిమెంబర్ శక్తి' పేరుతో దాన్ని మళ్ళీ లేపినప్పుడు శ్రీనివాస్ అందులో మాండొలిన్ అయ్యాడు. జాకీర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజీర, తర్వాత శంకర్ మహదేవన్ గొంతు. కచేరీలు ఆపలేదు, బ్యాండూ ఆపలేదు. రెండూ సాగాయి, 2014 సెప్టెంబర్‌లో నలభై అయిదేళ్ళకే పోయేదాకా.

సంప్రదాయం తెలిసినవాళ్ళలో కొందరు దీనికి పెదవి విరిచారు. అంతటి విద్వాంసుడు గిటారు పక్కన ముక్కలు ముక్కలుగా వాయించడం ఏమిటని. పూర్తిగా కొట్టిపారేసే మాట కాదది. ఆ బృందం రికార్డింగుల్లో వేగం కోసం వేగం ఉన్నచోట్లు నాకూ కనిపిస్తాయి, ఒక రాగంలో అరగంట కూర్చునే నెమ్మది అక్కడ దొరకదు. కానీ ఆ మాట పట్టుకున్నవాళ్ళు ఒకటి వినలేదేమో అనిపిస్తుంది. మెక్‌లాఫ్లిన్ గిటారు మీద ఒక వాక్యం వేస్తాడు, అందులో మన రాగం ఉంటుంది, మన రాగం కానిది కూడా కాస్త ఉంటుంది. శ్రీనివాస్ దాన్ని అందుకుని తిరిగి ఇస్తాడు. తనది చూపించడానికి తొందర పడడు. ముందు అవతలివాడిది యథాతథంగా పలుకుతాడు, ఆ తర్వాతే మలుపు తిప్పుతాడు. సొంత కచేరీలో వయొలిన్ తనని అనుసరించేది. ఇక్కడ అతనే అనుసరిస్తున్నాడు, ఎంపిక తనది కాని ఆ కాసేపు ఎంత హాయిగా ఉన్నాడో వేళ్ళలో తెలుస్తుంది.

అవతల ఎవరో పాడుతుంటే ఆ వేళ్ళు ఎలా కదులుతాయో ఒకప్పుడు పాలకొల్లులో సుబ్బరాజు గారికి ఒక్కరికే తెలుసు. మిగతావాళ్ళకి తెలియడానికి ఒక బ్యాండు కావలసి వచ్చింది.