తద్దినం ఎవరిని తలుస్తుంది?

తొంభై ఏళ్లు బతికి, ఇంటెడు చాకిరీ చేసి వెళ్లిపోయిన పెద్దావిడను ఆబ్దికం రోజున పిలిచే పిలుపు చాలా పొట్టిది. గోత్రం, పేరు, వసురూపం, అంతే. ఆ గోత్రమూ భర్తదే, పుట్టింటి ఊసు రాదు. గౌరవంలో తల్లి తండ్రికి వెయ్యిరెట్లు మిన్న అని మనుస్మృతి అంటుంది. దేవుడిగా కొలవవలసినవాళ్లలో తైత్తిరీయోపనిషత్తు ముందు చెప్పేదీ తల్లినే. ఇంత పెద్దపీట వేసిన సంప్రదాయం ఆమెను తలుచుకునేటప్పుడు ఆ మనిషిని తలుస్తోందా, తల్లి అనే వరసనా?

శ్రాద్ధం చూసేది వరసనే. సపిండీకరణంతో ఆమె పితృగణంలో కలుస్తుంది. అక్కణ్ణుంచి తల్లి వసువు, నాయనమ్మ రుద్రుడు, ముత్తవ్వ ఆదిత్యుడు. దీని వెనక ఉన్నది ఋణభావన. దేవ, ఋషి, పితృ ఋణాలతోనే పుట్టుక అని తైత్తిరీయ సంహిత మాట. పితృఋణం సంతానంతో తీరుతుందని అక్కడ ఉంటే, తద్దినం పెడితే తీరుతుందన్నది లోకంలో నిలిచిన నమ్మకం. అప్పు తీర్చేవాడికి ఎవరికి బాకీ అన్నది తెలిస్తే చాలు, ఆవిడ నవ్వు ఎలా ఉండేదో అక్కర్లేదు.

చార్వాకులు దీన్ని వెక్కిరించారు. ఇక్కడ పెట్టిన అన్నం పోయినవాళ్లకు అందేటట్టయితే ఊరికెళ్లేవాడికి సద్దిమూట దేనికని వాళ్ల ఎకసెక్కం. 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహం దాన్ని భద్రపరిచింది. మాట పదునైనదే. కానీ అది అన్నం చేరడాన్ని కొట్టేస్తుందే తప్ప బాకీని కాదు.

వరసను దాటి కష్టం దాకా వెళ్లే తంతు ఒకటి గయలో ఉంది, మాతృషోడశి. తల్లికి పదహారు పిండాలు, ఒక్కొక్కటి ఆమె పడ్డ ఒక్కో పాటు పేరు చెప్పి పెడతారు. నెలనెలా మోసిన బరువుకు ఒకటి, కడుపులో బిడ్డ తన్నిన తన్నులకు ఒకటి, పురిటినొప్పులకు ఒకటి. బాలింతగా చేసిన లంఘనాలు, మింగిన చేదు మందులు, రాత్రి బిడ్డ తడిపిన పక్కలో పడుకోవడం, మాఘమాసపు చలి, వేసవి ఎండ, బిడ్డకు జబ్బు చేస్తే పడ్డ బెంగ, అన్నీ లెక్కకు వస్తాయి. పురోహితుడు అర్థం విడమరచి చెబితే తలనెరిసిన కొడుకులు కూడా అక్కడ కళ్లు తుడుచుకుంటారు. ఇంత నిశితంగా స్త్రీ శ్రమను లెక్కగట్టిన కర్మకాండ మరొకటి అరుదు. అయితే ఆ లెక్క చాలావరకు పసితనం దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత అరవై ఏళ్లు ఆమె విసిరిన పిండికి, తోడిన నీళ్లకు, పెట్టిన ఆవకాయకు పిండం లేదు.

ఆ శ్రమలో తద్దినాల వంట కూడా ఒకటి. తెల్లవారకముందే తలస్నానం, ఆరీ ఆరని మడిచీర, ఉల్లి తగలని వంట, గారెలు, నువ్వుల పచ్చడి. భోక్తలు లేచేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టకుండా అత్తగారి తద్దినానికి ఏటేటా వండిపెట్టిన మనిషి తానే ఒకనాటికి ఆ పిలుపులో పేరైపోతుంది. పొయ్యి దగ్గర ఇప్పుడు ఆమె కోడలు ఉంటుంది. మూడు తరాలకే పిలుపు గనక మునిమనుమడి తర్వాత ఆ పేరూ వినిపించదు.

మనిషి కనిపించేది మంత్రం తక్కువున్న చోట. తెలంగాణలో పెత్రమాసనాడు పెద్దల పేరిట బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యేదీ ఆ రోజే. కోస్తాలో సంక్రాంతికి పెద్దలకు పెట్టుకుంటారు. శాస్త్రం ఏమన్నా సరే, అక్కడ ఆమెకు ఇష్టమైనదే విస్తట్లోకి వస్తుంది. చుట్ట కాల్చిన అవ్వకు చుట్ట, కోడికూర మెచ్చిన అవ్వకు కోడికూర. పటం ముందు పసుపు పెట్టిన కొత్త చీర, ఆమె కట్టే రంగే చూసి కొన్నది. దండం పెట్టుకున్నాక ఆ చీర కోడలో కూతురో కట్టుకుంటుంది.