కన్ను పోగొట్టినవాని కానుక

అమెరికా దేశమందలి లాస్ ఏంజిల్స్ నగరపు కొండమీద గ్రిఫిత్ వేధశాల 1935 నుండి ఉన్నది. వేసవి రాత్రులలో ఆకాశము నిర్మలముగా నున్నప్పుడు, ఎవరైనను రుసుము లేకయే అచ్చటి 12 అంగుళముల దుర్భిణిగుండ చంద్రుని, గ్రహములను చూడవచ్చును. ఇప్పటికి 70 లక్షలమందికి పైగా చూచిరి.

దీనికి ధనమిచ్చిన గ్రిఫిత్ 1903లో తన భార్యను తుపాకితో కాల్చెను. ఆమె బ్రదికెను గాని ఒక కన్ను పోయెను. అతడు చెరసాలలో శిక్ష అనుభవించెను. 1912లో అతడు ఈ కానుక ఇయ్యజూపినను, అతడు బ్రదికియుండగా వేధశాల కట్టబడలేదు. 1919లో అతడు మరణించిన పిమ్మట, వీలునామా సొమ్ముతో కట్టిరి.

లక్షలమందికి చూపు నిచ్చినందున ఆమె కన్ను తిరిగి వచ్చెనా? రాలేదు. అట్లయిన ఆ కానుకను త్రోసివేయవలసినదా? మనకట్లు తోచదు. నక్షత్రములు అతని సొత్తు కావు. వాటిని చూడవచ్చిన బిడ్డ ఏ నేరమును చేయలేదు. కానుకను ప్రజలకొరకు పుచ్చుకొనవచ్చును గాని, దానిని నేరమునకు చెల్లుచీటిగా వ్రాసి ఇయ్యరాదు.

కూలివాని కూలి బిగబట్టి గుడికి గంట ఇచ్చువారు మన ఊళ్లలోను కలరు. గంట అందరికొరకు మ్రోగును. కూలివాని బాకీ అట్లే నిలుచును. కానుక తెచ్చువాడు ముందుగా ఆ గడపకు పోయి రావలెననియే గదా ప్రభువు మనకు నేర్పినది.